కన్నెమ్మ ఇచ్చిన పూవు

మదుర వైపు, ఆండిపట్టి దగ్గర, తెలుగు మాట్లాడే కుటుంబాలున్న ఒక పల్లె. పెండ్లి ఇంటి వసారాలో, మధ్యాహ్నపు ఎండవేళ, పెండ్లికూతురు యువరాణి, పందిలి పూలు కట్టడానికి మేట్టుపాళయం నుంచి వచ్చిన ఎస్తేరు ఎదురెదురుగా కూర్చుని మక్కజొన్న పొట్టుతో పూలు కడుతున్నారు.

"అట్ల గుంజద్దు పాపా, చినుగుతుంది. తడి పొట్టు చంటిబిడ్డ చెవి మాదిరి. రెండు వేళ్లతో పట్టుకో, మెల్లగా మడువు. ఆ... ఇప్పుడు నడుముకు నార చుట్టు."

"చుట్టినా. ఇది పూవా ఎస్తేరక్కా? జేబులో నలిగిన బస్సు టికెట్టు మాదిరి ఉంది."

"ఉండనీ. పందిలి పైన మూలకు కడదాము. కింద నిలబడి చూసే సంబంధమోళ్లకు అంతా పూవే."

"నవ్వియ్యద్దక్కా."

"ఏంటికి? మీ ఇంట్లో పెండ్లికూతురు నవ్వకూడదా? సరి, నవ్వద్దులే. రేకులు తీసుకో. ఇంద. అబ్బా, ఈ వసారాలో గాలే లేదు. ఆ మునగమాను ఉండుంటే ఇంత ఉడక ఉండదు."

"ఏ మునగమాను?"

"అదే, మెట్ల పక్కన... లేదా?"

"ఉండేదంట. నేను పుట్టకముందే గాలివానకు పడిపోయిందంట. నీకెట్ల తెలుసు?"

"పాత ఇండ్లకు మెట్ల పక్కన మునగమాను ఉంటుంది కదా. ఊరికే అన్నా. నార గట్టిగా లాగు."

"ఊరికేనా?"

"ఊరికేనే."

"ఏమే యువరాణీ! ఇంకా ఈ చెత్త ముందరే కూర్చున్నావా?"

"చెత్త కాదవ్వా. పెండ్లి పూలు."

"ఎద్దులు తినే పొట్టు! మన తోటలో గంపలు గంపలుగా మల్లె కోసి మదురకు లారీ ఎక్కించేది, మన ఇంటి పెండ్లికి పొట్టు కట్టేది. ఈ తంగం అవ్వ మనవరాలి పెండ్లి చూడండిరా, పందిలంతా పశువుల మేత అని ఊరు ఊరంతా నవ్వుతుంది."

"ముహూర్తాల నెలలో మల్లె ఏ ధరకు ఎక్కి కూర్చుందో నాయనను అడుగు అవ్వా. మన చెట్టు పూలు మనమే కొనలేము. ఇవైతే వాడవు. రేపు చెల్లెలు సుగన్య పెండ్లికి కూడా ఇవే తీసి కట్టుకోవచ్చు."

"వాడని పూవు ఒక పూవా? వాడితేనే కదే పూవు. ఏమ్మా, నువ్వు చెప్పు. పేరేమి?"

"ఎస్తేరు, పెద్దమ్మా."

"మన తెలుగే మాట్లాడతావే! ఎవరి పిల్లవు? ఎవరోళ్లు?"

"మేట్టుపాళయం మార్కెట్టు వెనకాల లైను ఇండ్లు పెద్దమ్మా. మా నాయన మునిసిపాలిటీలో ఊడ్చే పని చేసినాడు."

"ఓ... ఆ తెలుగా."

"తెలుగులో ఎన్ని తెలుగులున్నాయవ్వా?"

"నువ్వు నోరు ముయ్యి. పావం, ఎండలో బస్సులు మారి మారి వచ్చింది. ఆమెకు కాపీ ఇయ్యి. కాగితం కప్పులో ఇయ్యి."

"ఇంట్లో లోటాలు లేవా?"

"పెండ్లి పనుల్లో కడగను ఎవరున్నారే?"

"కాగితం కప్పే మేలు పెద్దమ్మా. తాగి పారేస్తే పని అయిపోయె."

"చూడు, ఆమెకున్న తెలివి నీకు లేదు. సరి, నేను పోయి నడుము వాలుస్తా. యువరాణీ, ఆ లోపలి గది తట్టు ఎవరినీ పోనీయద్దు. కన్నెమ్మ పెట్టె ఉంది. చెప్పినా."

"సరే పో అవ్వా."

"చెప్పినా!"

"విన్నా! ... పోయిందిలే. మనసులో పెట్టుకోవద్దక్కా. అవ్వ పాతకాలం మనిషి."

"పాతకాలం మనిషా? కాగితం కప్పు ఈ కాలందే కదా పాపా. వదులు. కాపీ బాగుంది. ఇంతకూ కన్నెమ్మ ఎవరు?"

"అది మాత్రం అడగద్దు."

"సరే, అడగలే. పసుపు రంగు రేకులు ఆ చాటలో ఉన్నాయి. అవి లోపల పెట్టి, తెల్లవి చుట్టూ..."

"మా తాత చెల్లెలు. కన్నెమ్మ అంటే ఇప్పటి పేరు. బతికినప్పుడు వాసుకి. పెండ్లి కాకముందే పోయింది. తోటలో పూలు కోయను పోయి బావిలో పడిందంట. శవం కూడా దొరకలేదంట. గడ్డిబొమ్మ చేసి దానికి చీర కట్టి కాల్చినారంట... ఏమక్కా, వేలు కోసుకున్నావా?"

"లేదు లేదు. ఈనె గుచ్చుకుంది. చెప్పు."

"నెత్తురు వస్తా ఉంది."

"రానీ. నీళ్లలో ముంచితే పోతుంది. నువ్వు చెప్పు. కాల్చినారు, తర్వాత?"

"తర్వాత ఇంట్లో ఎద్దులు చచ్చినాయంట, వాన పోయిందంట. సోదె అడిగితే, ఆడబిడ్డ పెండ్లి చూడకుండా పోయింది, మీ ఇంటి గడప మీదనే కూర్చుంది, ఆమెకు చోటు పెట్టండి అని వచ్చిందంట. అప్పటినుంచి ఆ పెట్టె. ఏ పెండ్లి వచ్చినా ముందు ఆమెకు కొత్త చీర, గాజులు, పసుపు. పెట్టెలో ఉన్న పాత చీర తీసి పెండ్లికూతురు కట్టుకోవాల. అంతకంటే ముందు పూవడగాల."

"పూవడగడం అంటే?"

"మీలో లేదా?"

"మేము చర్చికి పోయేవాండ్లం. మా ఫాదర్‌ను అడిగితే ఒకే మాట, సరే అంటాడు, లేదంటే కాదంటాడు. పూలతో పని లేదు."

"మా కన్నెమ్మకు నోరు లేదు కదక్కా. అందుకే పూవు. ఒక ఆకులో తెల్లపూవు, ఇంకో ఆకులో ఎర్రపూవు మడిచి పెట్టె మీద పెడతారు. పెండ్లికూతురు కండ్లు మూసుకుని ఒక పొట్లం తీయాల. తెల్లపూవు అయితే కన్నెమ్మ ఒప్పుకున్నట్టు. ఎర్రదైతే..."

"ఎర్రదైతే?"

"పెండ్లి లేదు. కాదని చేస్తే మాపిళ్ళె, పెండ్లికొడుకు, బతకడు అంటారు. ఆమె చూడని తాళి ఇంకొకతె మెడలో నిలవనియ్యదంట."

"ఎవరన్నారు ఆ మాట?"

"అందరూ."

"అందరూ అంటే ఎవరూ కాదు పాపా. అట్ల ఎవరి మాపిళ్ళె చచ్చినాడు?"

"నావాడే. ఎందుకట్ల చూస్తావు? ఊరంతా తెలుసు. ఇది నాకు మొదటి సంబంధం కాదు. ముందు చిన్నమనూరు నుంచి వచ్చినాడు, వసంతకుమార్ అని. నిశ్చయం అయింది, ఉంగరాలు మార్చుకున్నాము. ద్రాక్షతోటలో పని ముగించుకుని బండి మీద వస్తా వస్తా... ఆ పొద్దు నేను ఫోను చేస్తానే ఉన్నా. ఎత్తలే. చేస్తానే ఉన్నా. ఎవరో పోలీసాయన ఎత్తినాడు."

"అయ్యో తల్లీ."

"దానికి ఈ ఊరు ఏమనింది తెలుసా? కన్నెమ్మకు పసుపు చీర పెట్టాల్సింది నీలం చీర పెట్టినారంట. అందుకంట."

"ఆయప్పకు పూవు ఏమొచ్చింది?"

"తెల్లదే వచ్చింది. ఈ ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ ఎర్రపూవు రాలేదక్కా. మా వీరాయత్తకు, మా చిన్నాయనకు, అందరికీ తెల్లదే. తీసి తీసి అలవాటైపోయి, తీసేటప్పుడే ఆడోళ్లు నాలుకలాడించి కులవ కూత పెట్టేస్తారు."

"తెల్లపూవు ఇచ్చి కూడా మనిషిని తీసుకుపోతే అది ఏమి మాట? ఆ పెట్టెలో కూర్చున్నామెకు ఒక మాట మీద నిలబడను రాదా?"

"అట్ల అనద్దు! లోపల ఉంది."

"ఎవరు?"

"... విను. విన్నావా?"

"ఏమి?"

"చీర మడత విప్పినట్టు. ఇదో, ఇప్పుడు కూడా. రోజూ ఇంతే. మధ్యాన్నం ఇల్లు సద్దు మణిగితే మొదలవుతుంది."

"ఎండిన పొట్టు పాపా. నీ వెనకాల మూటలో. ఎండకు ముడుచుకునేటప్పుడు అట్లే గలగలమంటుంది. మా ఇంట్లో రాత్రంతా అదే పాట."

"నువ్వు పొట్టు తెచ్చింది ఈ పొద్దు. నేను వింటాండేది అమాస నుంచి. ఉండు, శబరికి ఒక ఫోను చేసుకుంటా, నన్ను చేసుకోబోయేటోడికి. ... మోగుతాంది. ... ఎత్తడే. ... ఎత్తడే!"

"పనిలో ఉంటాడు."

"కోత్తగిరి కొండ ఎక్కి దిగే పని. క్యారెట్టు, కోసు లోడు వేసుకుని రోజూ అదే ఘాటు రోడ్డు. అక్కా, ఇంకోసారి చేస్తా. ... ఎత్తు. ఎత్తు సామీ. ... అలో! శబరీ! యాడున్నావు? ... ఏమి లేదు. ఊరికే. ... ఏమీ లేదంటున్నా కదా, గొంతు ఇట్లే ఉంది. ... తిన్నావా? ... సరే, మెల్లగా పో. ... ఎవరినీ ఓవర్‌టేక్ చేయద్దు. ... నేనేమీ ఏడవలేదు. పెట్టు."

"చూసినావా? మార్కెట్టులో ఉంటాడు, అంతే."

"లోడు దింపుతాండాడంట."

"మంచి పిల్లోడు. మా పూల దగ్గరకు వాడే వచ్చినాడు. మా చర్చిలో ఒక పెండ్లికి కట్టినవి చూసి, ఎవరమ్మా చేసింది, మాకు చేస్తారా, చేతిలో ఎక్కువ లేదు, పెండ్లికూతురి ఇంటోళ్లు కూడా పావం అని నిలబడినాడు. ఏ ఊరు అంటే ఈ ఊరు చెప్పినాడు."

"నేను అప్పుడే అనుకున్నా. ఇంత తక్కువకు పందిలంతా ఎట్ల కడతారు, పొట్టుకు బస్సుకే చాలదు కదా అని. నీకేమి మిగులుతుందక్కా?"

"అన్ని పనులూ మిగలడానికే చేస్తామా? ... నువ్వు ఏదో దాచుకుంటాండావు. ఆ ఫోను ఇంకా కింద పెట్టనే లేదు."

"నువ్వు రేపెల్లుండి పందిలి కట్టి పోతావు కదా. మల్లా ఈ ఊరికి రావు కదా."

"రాను."

"ఎవరికీ చెప్పవు కదా."

"చెప్పను."

"నాకు ఎర్రపూవు వచ్చింది. పోయిన అమాసకు అడిగినాము. ఇల్లంతా ఆడోళ్లు. పొట్లం తీసినా. ఆకు సందులోనుంచి ఎర్రగా కనిపించింది. ఇంకా ఎవరూ చూడలే. శబరి మీ దగ్గరనుంచి ముందే ఒక సాంపిలు పూవు పంపించినాడు కదా, తెల్లది? నందివర్ధనం మాదిరే ఉన్నిందే, అది. అందరికీ చూపిద్దామని కొంగుకు ముడేసుకున్నా. చెయ్యి దానంతట అదే పోయింది. ఎర్రదాన్ని పిడికిట్లో నలిపేసి, ఆ పొట్టుపూవును ఆకులో పెట్టి పైకెత్తి చూపించినా. కులవ పెట్టేసినారు. అవ్వకు చూపు ఆనదు, మిగిలినోళ్లు దూరాన ఉన్నారు. ఎవరికీ తెలియలే."

"ఎవరికీ?"

"ఆమెకు తెలుసు కదా. పెట్టెలో ఉండేదానికి. దేవతకు పొట్టుపూవు చూపించి మోసం చేసినా. చెప్పేస్తే పెండ్లి నిలిచిపోతుంది. శబరి నిలవనియ్యడు, గొడవ చేస్తాడు, అది వేరే. చెప్పకపోతే... వాడికి ఏమన్నా అయితే చంపింది నేనే కదక్కా? ఎర్రపూవు అని తెలిసి తెలిసి తాళి కట్టించుకుంటే, నేనే కదా చంపినట్టు?"

"ఏడవద్దు. ఇటు తిరుగు. ఏడవద్దంటున్నా."

"వాడిని వద్దనేస్తే బతుకుతాడు. ఈ పొద్దే చెప్పేస్తా. ఫోను చేసి, నువ్వు నాకు నచ్చలే అనేస్తా. నువ్వు కట్టిన పూలకు కూలి నేనే..."

"నోరు ముయ్యి! ఫోను కింద పెట్టు. పెట్టు! ... యువరాణీ, నేను ఒక మాట చెప్తా. అరవద్దు. మీ అవ్వ లేస్తుంది."

"ఏమి?"

"వాసుకి బావిలో పడలేదు. ఏ బావిలోనూ పడలేదు. పూల గంప గట్టున పెట్టి, తెల్లవారకముందే బస్సెక్కింది. పక్కన ఒక మనిషి ఉన్నాడు. మీ తోటకు కూలికి వచ్చినోడు. ఆ తెలుగోడు."

"తమాషా చేస్తాండావా?"

"కాదు."

"నన్ను ఊరుకోబెట్టను చెప్తాండావు."

"మెట్ల పక్కన మునగమాను. దాని కింద రుబ్బురోలు, ఒక పక్క పగిలింది. లోపలి గదికి కిటికీ లేదు, పైన ఒక పెంకు తీసి గాజు పెట్టినారు, మధ్యాన్నం మాత్రం ఎండ ఒక రూపాయి బిళ్ల మాదిరి కింద పడుతుంది. నేను ఆ గదిలోకి పోయినానా? మీ అవ్వ పోనిస్తుందా?"

"... పెట్టె మీద పడుతుంది. ఆ ఎండ."

"అప్పుడు అక్కడ పెట్టె లేదు. ఆమె చాప ఉండేది."

"అయితే మా తాతకు..."

"మీ తాత ముత్తుసామికి తెలుసు. వాండ్ల నాయనకు తెలుసు. చెల్లెలు లైను ఇంటోడితో పోయిందని చెప్పుకునేదానికంటే, బావిలో పడిందని చెప్పుకోను సులువు కదా. గడ్డిబొమ్మ కాల్చేసినారు. మీ అవ్వ ఆ తర్వాత కోడలుగా వచ్చింది, ఆమెకు చెప్పిందే తెలుసు. అబద్ధానికి చీర కట్టినారు, పొంగలి పెట్టినారు, మొక్కినారు. మొక్కి మొక్కి ఆఖరికి వాండ్లే దానికి భయపడినారు."

"బావిలో పడలేదు..."

"లేదు."

"చావలేదు!"

"ఆ బావిలో చావలేదు తల్లీ. మేట్టుపాళయంలో కాపురం చేసింది. బిడ్డలను కన్నది. పోకమట్టలు ఏరింది, కూరగాయల మూటలు మోసింది. పెద్దైనాక పొట్టుతో పూలు చేయను నేర్చుకుంది. ఒక్కతే నేర్చుకుని లైను ఆడోళ్లందరికీ నేర్పింది."

"తనను ఇక్కడ దేవతను చేసినారని తెలుసా ఆమెకు?"

"తెలుసు. ఎప్పుడో మార్కెట్టులో మీ తట్టు మల్లెపూలామె ఒకతె, ఎవరో ఏమో తెలియక, కన్నెమ్మ కథంతా ఆమెకే చెప్పింది. ఇంటికి వచ్చి చెప్తా చెప్తా నవ్వింది చూడు, కండ్లలో నీళ్లు కారేదాకా. 'ఏమే, నేను దేవతనంట, నాకు కాళ్లు నొప్పి, ఎవరన్నా వచ్చి పిసకండే' అని. మా నాయనను పట్టుకుని, 'నన్ను ఏమన్నా అన్నావంటే మీ ఎద్దులు చస్తాయి' అని. మాకు ఎద్దులు యాడివి! ఆ రాత్రి మాత్రం అన్నం తినలే."

"మా నాయనా? ఎస్తేరక్కా, ఇప్పుడు నువ్వు 'మా నాయన' అన్నావు."

"అన్నానా?"

"నా మొగం చూడు. నువ్వు ఆమె బిడ్డవా?"

"... చిన్నబిడ్డను."

"అయ్యో! అయితే నువ్వు నాకు అక్కవు కాదు. మా నాయనకు మేనత్త కూతురివి. నాకు చిన్నమ్మవు! చిన్నమ్మా!"

"మెల్లగా, మెల్లగా."

"చిన్నమ్మకు కాగితం కప్పులో కాపీ ఇచ్చినానే! పారెయ్యి అది. లోటాలో తెస్తా, ఉండు."

"కూర్చో. కాపీ చాలు. ఇంకోసారి ఆ మాట అను, అంతే చాలు. ఈ తట్టునుంచి ఆ మాట ఎవరూ అనలే నన్ను."

"చిన్నమ్మా. చిన్నమ్మా. ఏంటికి ముందే చెప్పలే? ఏంటికి ఎవరో మాదిరి వచ్చి కింద కూర్చున్నావు?"

"ఏమని చెప్పాల? మీ దేవత నాకు పాలిచ్చింది అని చెప్పాలా? మీ అవ్వ ఆ పెట్టె ముందర ఎన్నేండ్లుగా మొక్కుతాండాదో. ముసలామె గుండె ఏమవుతుంది? పందిలి కట్టి, నీ మెడలో తాళి పడేది ఒక్కసారి కంటితో చూసి, పోదామనుకున్నా. నువ్వు ఆ మాట చెప్పకుంటే నేనూ చెప్పేదాన్ని కాదు."

"ఎర్రపూవు మాట."

"ఆ. ఇప్పుడు ఆలోచించు. వసంతకుమార్‌కు తెల్లపూవు వచ్చింది, అయినా పోయినాడు. ఎందుకు? ఆ పెట్టెలో ఎవరూ లేరు గనుక. మేట్టుపాళయంలో మూట మోస్తా ఉన్నామె ఇక్కడ పూవు ఎట్ల ఇస్తుంది? బండి వేగం, రోడ్డు గుంత, అంతే. ఆమె ఎవరినీ తీసుకుపోలే."

"ఆమె ఎవరినీ తీసుకుపోలే..."

"మీ వీరాయత్త పూవు, మీ చిన్నాయన పూవు, అన్నీ ఉత్త పూలే. చెట్టు నుంచి కోసి ఆకులో మడిచింది. అంతే."

"అయితే నేను దేవతను మోసం చేయలే."

"దేవతే లేదంటుంటే!"

"చిన్నమ్మా, ఊపిరి ఆడుతుంది నాకు. సత్తియంగా. ... నేను నవ్వుతాండానా? నేనే కదా నవ్వుతాండేది?"

"నవ్వు. ఇప్పుడు నవ్వు. ఇంకొకటి చెప్తా, ఇంకా నవ్వుతావు. నువ్వు పొట్లంలో పెట్టి చూపించిన పూవు ఉందే."

"ఆ సాంపిలా?"

"అది నేను చేయలే. అమ్మ చేసింది. శబరి ఈ ఊరి పేరు, మీ తాత పేరు చెప్పంగానే పీట జరుపుకుని ముందుకు వచ్చింది. 'మా అన్న మనవరాలికా? దానికి మొదటి పూవు నేను చేస్తా' అనింది. అప్పటికే వేళ్లు వంగవు ఆమెకు. ఒక్క పూవుకు పొద్దంతా కూర్చుంది. 'వాండ్ల దగ్గర కూలి తీసుకోవద్దే, పెండ్లికి పుట్టింట్లో నేను పెట్టేది ఇదే' అనింది."

"ఆమె చేతి పూవా అది! తెల్లది!"

"తెల్లది. తనే ఎంచింది ఆ రంగు."

"అయితే నాకు నిజంగా తెల్లపూవే ఇచ్చింది! ఇంతవరకు మా ఇంట్లో ఎవరికీ ఇవ్వలే, నాకొక్కతెకే చేత్తో చేసి ఇచ్చింది. చిన్నమ్మా, లే! లే, పోదాము."

"యాడికి?"

"మేట్టుపాళయానికి. శబరికి చెప్తే బండి తెస్తాడు. ఆమెను ఇక్కడికి పిల్చుకొస్తా. పందిలిలో ముందర కుర్చీ వేసి కూర్చోబెడతా. ఊరంతా మొక్కనీ, ఏమన్నా అనుకోనీ."

"పూలు ఇంకా చాలా ఉన్నాయి యువరాణీ. పొద్దు పోతాంది."

"పూలు కిడక్కటుం, పడుండనీ! ఆమె రాలేకపోతే నేనే పోయి ముందు కాళ్లకు మొక్కుతా. నోటితో అడుగుతా. అవ్వా, చేసుకోమంటావా, వద్దంటావా అని. పూవు వద్దు, ఆకు వద్దు. నోరున్నామెను నోటితోనే అడగాల కదా? పెట్టెలో కొత్త చీర ఉంది, పసుపు చీర. అది ఎత్తుకుపోయి ఆమెకే కట్టిస్తా."

"చీర... ఇస్తావా?"

"ఇస్తానా ఏమి, అది ఆమెదే కదా. ఏమైంది? ఏంటికి కండ్లు తుడుచుకుంటావు?"

"ఏమీ లేదు. పుట్టింటి చీర లేకుండానే... వదులు. చీర మాత్రం నాకివ్వు. నేను తీసుకుపోతా. నువ్వు రావద్దు. పెండ్లికూతురు ఇప్పుడు అట్లాంటి చోటుకు రాకూడదు."

"ఎట్లాంటి చోటు? లైను ఇల్లనా? నేను మా అవ్వ మాదిరి కాదు చిన్నమ్మా. అక్కడే మీ లోటాలో నీళ్లు తాగుతా, చూడు."

"దానికి కాదు తల్లీ."

"మరి దేనికి?"

"మడువు. ఆ రేకు మడువు. ఎండిపోతే విరుగుతుంది."

"పుట్టింటి చీర లేకుండా ఏమి? ఏమో అనబోయినావు. పుట్టింటి చీర ఎప్పుడు పెడతారు చిన్నమ్మా? ... ఆడమనిషి మీద కప్పను కదా పెడతారు? చచ్చినప్పుడు? చెప్పు చిన్నమ్మా."

"జ్వరం అనుకున్నాము. ముసలి ఒళ్లు కదా. బాధ పడలే. నిద్రలోనే పోయింది."

"ఎప్పుడు?"

"ఇప్పుడెందుకమ్మా అదంతా? పెండ్లి నవ్వుతా చేసుకో. బతికుండగా తన చేత్తో తెల్లపూవు ఇచ్చింది, అది చాలదా?"

"ఎప్పుడు చిన్నమ్మా? పెట్టెలో ఎవరూ లేరన్నావు కదా. నేను పూవడిగిన అమాసకు ముందా, తర్వాతనా? నా మొగం చూసి చెప్పు."

"... అమాసకు ముందునాడు, తల్లీ."